శుభ్రతకు ధర ఎలా కడతారు?



గత నెల ఓ.పి.లో బి.పి. చూపించుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన వెళ్ళబోతూ చొక్కా జేబులోంచి రెండు కాగితాలు తీసి మా బల్ల మీద పెట్టారు. ఆయన ఇక్కడే గుణదలలో ఒక అపార్ట్‌మెంటు సంఘానికి కార్యదర్శి. మెట్లు, కారిడార్లు, సెల్లారు, లిఫ్టు రోజూ శుభ్రం చేయడానికి రెండు క్లీనింగ్ సర్వీసుల వాళ్ళు ఇచ్చిన కొటేషన్లు అవి. ఒకటి నెలకు 16 వేలు, రెండవది 31 వేలు. “ఊడ్చేది అదే నేల, పట్టేది అదే చీపురు. దాదాపు రెట్టింపు తేడా ఎందుకొచ్చింది మేడమ్? మీ ఆసుపత్రిలో ఇలాంటివి చూస్తుంటారు కదా, కాస్త చెప్పండి” అన్నారు.

ఆ రోజు ఓ.పి. రద్దీలో ఆయనకు రెండు మాటలే చెప్పగలిగాము. అయితే స్కూళ్ళు నడిపేవారు, హాస్టలు వార్డెన్లు, కల్యాణ మండపాల వాళ్ళు కూడా ఇదే ప్రశ్న అడుగుతున్నారు కాబట్టి ఈసారి కాస్త వివరంగా వ్రాస్తున్నాము. ఆరోగ్య పత్రికలో ధరల గొడవ ఎందుకని అనుకోవద్దు. ఆసుపత్రిలో నేల తుడిచేవారి జీతానికి, ఆపరేషన్ చేయించుకున్న రోగి కుట్లు మానడానికి మధ్య దూరం చాలా తక్కువ. ఆ సంగతి మేము ఆలస్యంగా, కొంత నష్టపోయి నేర్చుకున్నాము.

కొలిచేది నేలను కాదు, సమయాన్ని

చాలామంది చదరపు అడుగుకు ఇంత అని అడుగుతారు. క్లీనింగ్ సర్వీసుల వాళ్ళు కూడా పైకి అలాగే చెబుతారు. కానీ అనుభవం ఉన్న కాంట్రాక్టరు మనసులో వేసుకునే లెక్క వేరు. ఈ చోటును శుభ్రం చేయడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది, రోజుకు ఎన్నిసార్లు చేయాలి, దానికి ఎంతమంది కావాలి. ఇది తేలిన తర్వాతే దానిని చదరపు అడుగుల్లోకి మార్చి చెబుతాడు. అమెరికాలో ఇస్సా అనే క్లీనింగ్ పరిశ్రమ సంఘం ఏకంగా 612 రకాల పనులకు ఒక్కొక్కదానికి ఎంత సమయం పడుతుందో లెక్కకట్టి పుస్తకమే వేసింది.

మా దగ్గర ఆ పుస్తకం లేదు. ఒక వారం పాటు మేమే చేతిగడియారం చూసుకుంటూ వార్డులో నిలబడ్డాము. ఇరవై మంచాల జనరల్ వార్డు, సుమారు 1,600 చదరపు అడుగులు. దుమ్ము తీయడానికి 15 నిమిషాలు. మంచాల కింద, గోడల మూలలు వదలకుండా తడి మాప్ పెట్టడానికి 30. మంచం కడ్డీలు, లాకర్లు, సెలైన్ స్టాండ్లు తుడవడానికి మంచానికి రెండేసి నిమిషాల చొప్పున 40. నాలుగు మరుగుదొడ్లకు పదేసి నిమిషాలు, అంటే మరో 40. చెత్త సంచులు మార్చడానికి 10. మొత్తం రెండుంబావు గంటలు. ఇది ఉదయం రౌండు మాత్రమే. మధ్యాహ్నం, సాయంత్రం నేల, మరుగుదొడ్లు, చెత్త మళ్ళీ చూడాలి, ఒక్కోసారికి 80 నిమిషాలు. నలుగురు డిశ్చార్జి అయితే ఆ నాలుగు మంచాలను పరుపుతో సహా పూర్తిగా కడిగి తుడవడానికి ఇరవయ్యేసి నిమిషాలు. కూడితే రోజుకు 375 నిమిషాలు, ఆరుంబావు గంటలు వచ్చింది. వాంతి చేసుకున్నవారు, బెడ్ పాన్ ఒలికినది, తడికాళ్ళతో వచ్చే అటెండెంట్లు ఈ లెక్కలో లేరు.

అదే 1,600 చదరపు అడుగుల మీటింగు హాలును రోజుకు ఒకసారి ఊడ్చి తుడవడానికి 40 నిమిషాలు చాలు. చదరపు అడుగులు సమానమే, పని తొమ్మిది రెట్లు. కాబట్టి ‘చదరపు అడుగుకు ఫలానా ధర’ అని ఎవరైనా చెబితే, ఏ గదికి, రోజుకు ఎన్నిసార్లు అని అడగకుండా ఆ మాటకు అర్థం లేదు. 2015లో కేంద్ర ఆరోగ్య శాఖ కాయకల్ప పథకం ప్రారంభించినప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల కోసం విడుదల చేసిన స్వచ్ఛతా మార్గదర్శకాల్లో కూడా ఆసుపత్రిని ఒకే ముద్దగా చూడలేదు. ఆపరేషన్ థియేటరు, ఐ.సి.యు., లేబర్ రూము వంటివి ఎక్కువ ప్రమాదం ఉన్న చోట్లు. వార్డులు మధ్యస్థం. ఆఫీసు గదుల వంటివి తక్కువ ప్రమాదం ఉన్నవి. ఎన్నిసార్లు శుభ్రం చేయాలి, ఏ మందుతో చేయాలి అనేది దానిని బట్టే మారుతుంది. ధర కూడా అలాగే మారాలి.

ఇరవైనాలుగు గంటలూ మనిషి ఉండవలసిన క్యాజువాల్టీ వంటి చోట మరో చిక్కు ఉంది. రోజుకు మూడు షిఫ్టులు, వారానికి 21. ఒక మనిషి వారానికి ఆరు షిఫ్టులే చేయగలరు. అంటే మూడున్నర మంది, సెలవులు, జ్వరాలు కలుపుకుంటే నలుగురు. ‘ఒక్క మనిషిని ఇరవైనాలుగు గంటలూ పెట్టండి’ అని మనం తేలికగా అనే మాట వెనుక నాలుగు జీతాలున్నాయి. కొందరు కాంట్రాక్టర్లు ఇక్కడే పొదుపు చూపిస్తారు. మూడు షిఫ్టులను పన్నెండు గంటల చొప్పున రెండు చేస్తారు. చట్టం ప్రకారం ఎనిమిది గంటలు దాటిన పనికి రెట్టింపు వేతనం ఇవ్వాలి. అది ఇస్తే పొదుపే లేదు. పొదుపు కనబడిందంటే అది ఇవ్వడం లేదన్నమాట. రాత్రి రెండు గంటలకు, పదో గంట డ్యూటీలో ఉన్న మనిషి ఎంత బాగా తుడుస్తుందో నైట్ డ్యూటీ చేసిన నర్సులకు ఎవరూ చెప్పనక్కరలేదు.

పన్నెండు వేల జీతం ఇరవైమూడు వేలు ఎలా అవుతుంది?

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాము. ఒక కార్మికురాలి నెల వేతనం, కరువు భత్యంతో కలిపి 12,000 రూపాయలు అనుకుందాము. ఇది లెక్క తేలికగా ఉండడానికి తీసుకున్న అంకె మాత్రమే. మన రాష్ట్రంలో కనీస వేతనంలోని కరువు భత్యం ఏటా ఏప్రిల్‌లో, అక్టోబరులో మారుతుంది. కాబట్టి మీరు లెక్క వేసే రోజున కార్మిక శాఖ ప్రకటించిన రేటు చూసుకోవాలి.

ఈ 12,000 మీద యజమాని వాటా పి.ఎఫ్. 12 శాతం, దానితోపాటు బీమా, పరిపాలన చార్జీలు కలిపి మరో శాతం, మొత్తం 1,560. ఇ.ఎస్.ఐ. యజమాని వాటా 2019 జూలై నుండి 3.25 శాతం, అంటే 390. కనీస బోనస్ 8.33 శాతం, ఒక వెయ్యి. గ్రాట్యుటీ కోసం పక్కన పెట్టే 4.81 శాతం 577. ఇంతవరకు 15,527 అయింది. జీతం ఇరవైయ్యారు రోజుల పనికి. కానీ ఆసుపత్రికి ఆదివారం లేదు. ఆ నాలుగు వారపు సెలవుల్లో వచ్చే రిలీవరుకు అదే రేటున 2,389. యూనిఫారం, బూట్లు, గ్లవ్స్, మాస్కులు, హెపటైటిస్-బి టీకా వగైరాలకు నెలకు 400 వేద్దాము. కూడితే 18,316. దీని మీద కాంట్రాక్టరు తన ఆఫీసు ఖర్చు, సూపర్‌వైజరు జీతం, లాభం అన్నీ కలిపి 8 శాతం వేసుకుంటే 1,465. ఇప్పుడు 19,781. చివరిగా 18 శాతం జి.ఎస్.టి. 3,561. ఆఖరి మొత్తం 23,342 రూపాయలు.

ఇందులో ఆమె చేతికి వెళ్ళేది ఎంత? 12,000లో తన వాటా పి.ఎఫ్. 1,440, ఇ.ఎస్.ఐ. 90 పోగా 10,470. ఆసుపత్రి కట్టేది ఇరవైమూడు వేలు, ఆమె ఇంటికి తీసుకెళ్ళేది పదివేల చిల్లర. మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు మా అకౌంట్స్ విభాగంలో ఎవరూ నమ్మలేదు. మధ్యలో ఉన్నదంతా కాంట్రాక్టరు మింగేస్తున్నాడని చాలామంది అనుకుంటారు. న్యాయంగా నడిచే కాంట్రాక్టరుకు ఇందులో మిగిలేది అంతగా లేదని మీరే చూశారు. పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ., బోనస్ అన్నవి ఆమెవే, కాకపోతే వేరే రోజున, వేరే రూపంలో అందుతాయి. ఇ.ఎస్.ఐ. కార్డు ఉంటే ప్రసవానికైనా, అపెండిక్స్‌కైనా అప్పు చేయనక్కరలేదు. ఆ కార్డు లేని శానిటేషన్ కార్మికురాలు తన జబ్బుకు తాను తుడిచే ఆసుపత్రిలోనే అప్పు చేసి బిల్లు కట్టవలసి వస్తుంది.

జి.ఎస్.టి. గురించి ఒక మాట. కంపెనీలు, దుకాణాలు తాము కట్టిన ఈ పన్నును తమ పన్నులో సర్దుబాటు చేసుకోగలవు. వైద్య సేవలకు జి.ఎస్.టి. లేదు కనుక ఆసుపత్రులకు ఆ వెసులుబాటు కూడా లేదు. 18 శాతం మాకు పూర్తి ఖర్చే. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం చేసే చిన్న కాంట్రాక్టరు జి.ఎస్.టి. రిజిస్ట్రేషన్ తీసుకోనవసరం లేదు. అతని కొటేషన్‌లో పన్ను లేదంటే మోసమని అనుకోకండి. పన్ను లేకుండా వచ్చిన అంకెను పన్నుతో వచ్చిన అంకెతో పోల్చేటప్పుడు జాగ్రత్తపడితే చాలు.

మందులు, మిషన్లు

పై లెక్కలో ఫినాయిల్, మాప్‌లు, చెత్త కవర్లు వేయలేదు. కొందరు సామాను మనమే ఇవ్వాలంటారు, కొందరు తామే తెస్తామంటారు. నేల తోమే మిషన్ వారిదైతే దాని ఖరీదును నెలలకు పంచుతారు. లక్షా ఇరవై వేల మిషన్ ఐదేళ్ళు పనిచేస్తుందనుకుంటే నెలకు రెండు వేలు, రిపేర్లు అదనం. మొజాయిక్ నేలకు, వేలిముద్ర పడినా కనబడే నున్నటి టైల్స్‌కు, గరుకు నాపరాళ్ళకు పట్టే శ్రమ వేరు. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే మరకలు పోవడానికి ఇంకాస్త యాసిడ్, ఇంకాస్త మోచేతి బలం కావాలి. మంచి కాంట్రాక్టరు కొటేషన్ ఇచ్చే ముందు వచ్చి కుళాయి తిప్పి చూస్తాడు. ఫోనులోనే ధర చెప్పేవాడిని మేము ఇప్పుడు నమ్మడం మానేశాము.

మొత్తం బిల్లులో మందుల ఖర్చు మా లెక్కలో పదోవంతు కూడా రాదు. అయినా నష్టం వచ్చినప్పుడు కాంట్రాక్టరు మొదట కోసేది దానినే, ఎందుకంటే నీళ్ళు కలిపితే కంటికి కనబడదు. ఇక్కడ మన అందరి తప్పూ ఉంది. ఘాటుగా వాసన వస్తే శుభ్రంగా ఉన్నట్టు, రాకపోతే లేనట్టు అనుకుంటాము. వాసన ఫినాయిల్‌కు వేసే సుగంధానిది. రక్తం, చీము పడినచోట సూక్ష్మక్రిములను చంపడానికి కావలసింది ఒక శాతం హైపో ద్రావణం, అది కనీసం పది నిమిషాలు అక్కడ ఉండాలి. బజారులో దొరికే ఐదు శాతం హైపో ఒక పాలు, నీళ్ళు నాలుగు పాళ్ళు కలిపితే ఒక శాతం అవుతుంది. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి, నిలవ ఉంటే బలం పోతుంది. ఇళ్ళలో కూడా గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. బ్లీచింగ్‌ను, మరుగుదొడ్డి యాసిడ్‌ను ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది. మూసిన బాత్‌రూములో అది ప్రాణం మీదికి తెస్తుంది.

మేము చేసిన తప్పు

కొన్నేళ్ళ క్రితం వరకు మన ఆసుపత్రిలో శానిటేషన్ పని మన సొంత ఆయాలు, స్వీపర్లే చేసేవారు. ఒక్కొక్కరే రిటైరవుతూ వచ్చారు. ఖాళీలు నింపకుండా పనిని కాంట్రాక్టుకు ఇద్దామని నిర్ణయమైంది. మూడు కొటేషన్లు వచ్చాయి. అన్నిటికంటే తక్కువది మిగతా వాటికంటే దాదాపు పాతిక శాతం తక్కువ. కమిటీలో మేమూ కూర్చున్నాము. ‘ధర్మాసుపత్రి లాంటిది మనది, మిగిలిన డబ్బు బీద రోగులకు ఉపయోగపడుతుంది’ అన్న మాట అందరికీ నచ్చింది. మాకూ నచ్చింది. ఎంతమంది వస్తారని అడిగాము, వాళ్ళకు ఎంత ఇస్తారని అడగలేదు.

మూడో నెలకు తేడా తెలిసింది. హాజరుపట్టీలో ఉన్నంతమంది వార్డుల్లో లేరు. మరుగుదొడ్లకు వాడిన మాపే మంచాల మధ్యకు వస్తోంది. బకెట్లో నీళ్ళు మధ్యాహ్నానికే నల్లగా ఉంటున్నాయి. అడిగితే సూపర్‌వైజరు “రేపటినుంచి సెట్ చేస్తాం మేడమ్” అనేవాడు. సర్జికల్ వార్డులో ఆ రెండు నెలలు కుట్లకు చీము పట్టిన కేసులు మాకు ఎక్కువగా కనబడ్డాయి. శుభ్రత లోపం ఒక్కటే కారణమని చెప్పడానికి మా దగ్గర రుజువు లేదు. కాదని అనడానికి మనసొప్పదు.

ఒక రోజు ఉదయం మెడికల్ వార్డులో పనిచేసే ఒక అమ్మాయి చెత్త సంచి మూతి కడుతుంటే లోపలి సూది బొటనవేలికి గుచ్చుకుంది. చేతికి గ్లవ్స్ లేవు. హెపటైటిస్ టీకా వేయించలేదు. ఇ.ఎస్.ఐ. కార్డు ఏదమ్మా అంటే, “కార్డు రాలేదు సిస్టరమ్మా, జీతంలో మాత్రం కోస్తున్నారు” అంది. రోజూ పలకరించే అమ్మాయి. తనకు ఎంత వస్తుందో మేము ఆ రోజే మొదటిసారి అడిగాము. కాగితం మీద ఉన్నదానిలో మూడోవంతు చేతికి రావడం లేదు. ఆమెకు ఇంజెక్షన్లు, రక్తపరీక్షలు ఆసుపత్రి ఖర్చుతోనే చేయించాము. ఆరు నెలల తర్వాత పరీక్షలో ఏమీ లేదని తేలినదాకా మాకు నిద్ర సరిగా పట్టలేదు.

ఇంకొక మాట దాచకూడదు. సూది ఆ సంచిలో ఉండవలసినది కాదు. గుచ్చుకోని గట్టి తెల్ల డబ్బాలో పడాలి. దానిని సంచిలో వేసినది కాంట్రాక్టరు మనిషి కాదు, మన నర్సింగ్ సిబ్బందే. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు పసుపు, ఎరుపు, తెలుపు, నీలం అని చెత్తను వేరు చేయమన్నది ఇందుకే. వేరు చేయడం చెత్త పుట్టిన చోటే, అంటే మంచం పక్కనే జరగాలి. మనం చేయని పని ధర ఏ కొటేషన్‌లోనూ ఉండదు. అది ఎవరో ఒకరి వేలి మీద పడుతుంది.

ఆ కాంట్రాక్టు రద్దు చేసినప్పుడు కార్మికులకు రెండు నెలల జీతం బాకీ ఉంది. కాంట్రాక్టరు ఫోను ఎత్తలేదు. అప్పుడు తెలిసింది, 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం ప్రకారం కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న సంస్థే కట్టాలని. 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలో వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో కూడా ఆ బాధ్యత అలాగే ఉంది. మేము కట్టాము. పాతిక శాతం మిగులు అన్నది ఆ ఒక్క దెబ్బకు పోయింది.

ఇది మా ఒక్కరి కథ కాదని తర్వాత చదివి తెలుసుకున్నాము. బ్రిటన్‌లో 1983లో ప్రభుత్వం ఆసుపత్రుల క్లీనింగ్, లాండ్రీ, వంట పనులకు టెండర్లు పిలవమని ఆదేశించింది. ఖర్చు తగ్గింది. 2017లో అక్కడి 126 ఆసుపత్రి ట్రస్టుల మీద చేసిన ఒక అధ్యయనం వెలువడింది. క్లీనింగ్ బయటివారికి ఇచ్చిన ట్రస్టుల్లో ఖర్చు తక్కువే, కానీ మంచానికి ఇంతమంది అనే లెక్కన శుభ్రం చేసేవారు తక్కువ, మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగని ఎం.ఆర్.ఎస్.ఎ. ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ అని అందులో తేలింది. స్కాట్లాండ్ అయితే 2008లోనే ఆసుపత్రి క్లీనింగ్‌ను ఇకపై ప్రైవేటుకు ఇవ్వబోమని ప్రకటించింది. మన రాష్ట్రంలో ప్రభుత్వ శాఖల ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి మధ్యవర్తి ఏజెన్సీల కోతలు లేకుండా నేరుగా జీతం ఇవ్వడానికి ఆప్కాస్ అనే కార్పొరేషన్‌ను 2020 జూలై 3న ప్రారంభించినది కూడా ఈ ఇబ్బంది వల్లనే.

కాంట్రాక్టు పద్ధతే చెడ్డదని మేము అనడం లేదు. మా తర్వాతి కాంట్రాక్టరు ఆరేళ్ళు చక్కగా చేశాడు. వార్డుకు, మరుగుదొడ్లకు, థియేటరుకు వేర్వేరు రంగు మాప్‌లు అతనే మాకు అలవాటు చేశాడు. ఈసారి టెండరులో మేము ధర ఒక్కటే అడగలేదు. ఏ వార్డుకు ఎంతమంది, ఏ షిఫ్టులో, ఒక్కొక్కరికి వేతనం ఎంత, పి.ఎఫ్. ఎంత, మందులు నెలకు ఎన్ని లీటర్లు అని పట్టిక ఇచ్చి నింపమన్నాము. వేతనం, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. గళ్ళు అందరికీ ఒకేలా రావాలి, అవి చట్టం నిర్ణయించినవి. పోటీ పడవలసింది ఆఫీసు ఖర్చులో, లాభంలో, పని తెలివిలో. ఒకాయన సర్వీసు చార్జీ గడిలో సున్నా వేశాడు. సున్నా లాభానికి ఎవరూ వ్యాపారం చేయరు కనుక ఆ కాగితాన్ని పక్కన పెట్టాము. నెల బిల్లుతోపాటు ముందు నెల పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. కట్టిన చలానాలు, బ్యాంకు ద్వారా జీతాలు వేసిన జాబితా ఇస్తేనే చెక్కు ఇవ్వాలని కూడా వ్రాసుకున్నాము.

చెక్కు మాటకొస్తే మా వైపు లోపం కూడా ఉంది. మాకు రావలసినవి ఆలస్యమైనప్పుడల్లా మొదట ఆపేది శానిటేషన్ బిల్లే. రెండు, మూడు నెలలు బిల్లు ఆగితే కాంట్రాక్టరు వడ్డీకి తెచ్చి జీతాలు వేయాలి. ఆ వడ్డీని మరుసటి ఏడాది కొటేషన్‌లో కలుపుతాడు. ‘ఈ సంస్థ ఆలస్యంగా కడుతుంది’ అని పేరుపడ్డ చోటికి ధర ఎప్పుడూ రెండు మెట్లు పైనే ఉంటుంది. పదో తేదీలోగా కట్టడం మొదలుపెట్టాక మాకు ఆ తేడా కనబడింది.

ఒక్కసారి చేయించే పనులు

నెలవారీ పనికి, ఒక్కసారి చేయించే పనికి లెక్క ఒకటి కాదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నప్పుడు ఈ విషయం చాలామందికి అనుభవమైంది. నీళ్ళు తీశాక మిగిలిన బురదను కడగడానికి ప్రభుత్వం ఫైరింజన్లను వీధుల్లోకి పంపింది. ఇల్లు లోపల శుభ్రం చేయడానికి ప్రైవేటు వాళ్ళను పిలిచిన మా సిబ్బంది కొందరు, చెప్పిన ధర విని దోపిడీ అనుకున్నారు. కొంత దోపిడీ జరిగే ఉంటుంది. కానీ ఎండిన బురదను గోకి, తట్టలతో మోసి, నీళ్ళు ఎక్కడినుంచో తెచ్చి, మూడుసార్లు కడిగి, చివరికి బ్లీచింగ్ కొట్టడం మామూలు రోజు తుడుపుకు ఎన్నో రెట్లు పని. అటువంటి పనికి చదరపు అడుగు మాట మాని, ఎంతమంది, ఎన్ని రోజులు, బురద ఎక్కడ పారబోస్తారు అని మాట్లాడుకోవడం మంచిది.

నీళ్ళ ట్యాంకుకు లీటర్ల లెక్కన, సెప్టిక్ ట్యాంకుకు ట్యాంకరు ట్రిప్పు లెక్కన ధర ఉంటుంది. ట్యాంకరు ఎందుకు, తక్కువకే మనిషిని దింపుతామని ఎవరైనా అంటే వద్దనండి. 2013 చట్టం ప్రకారం తగిన రక్షణ పరికరాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపడం నేరం. లోపలి విషవాయువుకు నిమిషాల్లో ప్రాణం పోతుంది. రక్షించడానికి దిగిన రెండోవాడు కూడా బయటకు రాని సందర్భాలు ఎన్నో.

మన గుణదలకు ప్రత్యేకమైన సంగతి ఫిబ్రవరి తిరునాళ్ళు. ఆ మూడు రోజులు ఓ.పి. మరుగుదొడ్లు గంటగంటకూ కడగవలసి వస్తుంది. మామూలు ఒప్పందంలో ఈ అదనపు మనుషుల రేటు ముందే వ్రాయించుకోకపోతే, ఆ రోజు ఉదయం అడిగిన రేటు ఇవ్వవలసిందే. మేము ఇప్పుడు డిసెంబరులోనే ఆ కాగితం పూర్తి చేస్తున్నాము. పెళ్ళిళ్ళ సీజనులో కల్యాణ మండపాల వారికి, ఫలితాల రోజుల్లో కాలేజీల వారికి ఇదే వర్తిస్తుంది.

అపార్ట్‌మెంటు పెద్దాయన సంగతి మిగిలింది. ఆయన తెచ్చిన 31 వేల కాగితంలో పూర్తిరోజు ఒకరు, రోజుకు మూడు గంటలు సెల్లారుకు మరొకరు అని ఉంది. పైన వేసిన లెక్కకు అది దగ్గరగానే ఉంది. 16 వేల కాగితంలో ‘హౌస్ కీపింగ్ చార్జీలు’ అని ఒకే ఒక్క వాక్యం. నోటితో మాత్రం ఇద్దరు రోజంతా ఉంటారన్నాడట. జి.ఎస్.టి. లేకుండా చూసినా ఒక్క మనిషికే దాదాపు 20 వేలు అవుతుంటే, 16 వేలకు ఇద్దరు ఎలా వస్తారో వ్రాసి ఇమ్మని అడగమన్నాము. రెండు వారాల తర్వాత ఆయన మళ్ళీ వచ్చారు. వ్రాసి ఇచ్చినదాంట్లో ఇద్దరూ రోజుకు రెండేసి గంటలే, పి.ఎఫ్. లేదు, ఇ.ఎస్.ఐ. లేదు. వచ్చే ఆదివారం సంఘం మీటింగులో రెండు కాగితాలూ చదివి వినిపిస్తానన్నారు. నెలకు ఒక్కో ఫ్లాటుకు ఎంత పెరుగుతుందో అదీ లెక్క వేసుకున్నారు. బి.పి. మాత్రం 150/90 దగ్గరే ఉంది. ఉప్పు తగ్గించి నెల తర్వాత రమ్మన్నారు డాక్టరుగారు.